చెమ్మ బాబాయి సాక్షి ముక్కలు

బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకి చెమ్మ బాబాయిని పలకరించకూడదన్న సంగతి ఫ్యాక్టరీ అంతటికీ తెలుసు. ఆ టైముకి ఆయన ల్యాబులో ఫ్యాను కట్టేసి, కిటికీ మూసేసి, చేతులకి తెల్ల నూలు తొడుగులు వేసుకుని, ఊపిరి బిగబట్టి తూకం వేస్తుంటాడు. తూకం మెషిన్ చుట్టూ గాజు తలుపులుంటాయి. అయినా సరే, పక్కన ఎవరైనా తుమ్మితే చివరి అంకె ఉలిక్కిపడుతుంది. ఒకసారి స్టోరు గుమస్తా తెలియక లోపలికొచ్చి, "బాబాయ్, టీ తాగుదామా?" అన్నాడు. బాబాయి తల కూడా ఎత్తలేదు. "నీ మాటకి అంకె ఊగిపోయింది, ముందు బయటికి పో" అన్నాడు.

తూచేది బంగారమూ కాదు, మందూ కాదు. వేలెడంత ఫైబర్ ముక్కలు మూడు.

ఆ ఫ్యాక్టరీలో కరెంటు లైన్‌మెన్ ఎక్కే నిచ్చెనలు చేస్తారు. ఇనుముతో చేస్తే కరెంటు పాకుతుంది, చెక్కతో చేస్తే పుచ్చిపోతుంది. అందుకని సన్నటి గాజు పోగుల్ని కట్టలు కట్టలుగా రెసిన్‌లో ముంచి, వేడి అచ్చులోంచి మెల్లగా లాగుతారు. రెసిన్ అంటే జిగురే, కాకపోతే గట్టిపడితే రాయిలా ఉంటుంది. అచ్చులోంచి బయటికొచ్చిన పట్టీ తేలిగ్గా ఉంటుంది, ఏనుగెక్కినా విరగదనిపిస్తుంది. అది ల్యాబులో. ఏసీ గదిలో. బయట సంగతి వేరు, ఆ వేరు సంగతి కనిపెట్టడమే చెమ్మ బాబాయి ఉద్యోగం.

ల్యాబు మూలన బీరువా అంత చాంబర్ ఒకటుంది. లోపల డెబ్బై డిగ్రీల వేడి, నూటికి ఎనభై అయిదు పాళ్ల తేమ. తలుపు తీస్తే ఆవిరి మొహాన కొడుతుంది, కళ్లజోడు తెల్లబడిపోతుంది. అందులో ముక్కలు పెడితే గాలిలోని నీళ్లు తాగుతాయి. చూడ్డానికి ఏమీ తెలీదు. ముట్టుకుంటే తడి తగలదు. తూకం వేస్తే మాత్రం వారం వారం రవ్వంత బరువు పెరుగుతుంది. ఒక వారం వచ్చేసరికి ఇక పెరగదు. అంటే కడుపు నిండిందన్నమాట. అప్పుడు తీసి, వేడి మీదే వంచి చూడాలి, ఎంత బరువు మోస్తుందో.

ఈసారి చాంబర్లో మోచేతి పొడుగు ముక్కలు పదిహేనున్నాయి. విరిచి చూడాల్సింది వాటిని. వాటిని ఊరికే బయటికి తీసి తూస్తుంటే తాగిన నీళ్లు ఆరిపోతాయి కాబట్టి, అదే పట్టీలోంచి కోసిన చిన్న ముక్కలు మూడు పక్కన పెట్టాడు. వారం వారం తూచేది వీటినే. వీటికి బాబాయి పెట్టిన పేరు సాక్షులు. "వీళ్లు తాగితే వాళ్లూ తాగినట్టే. వీళ్ల కడుపు నిండితే వాళ్లదీ నిండినట్టే" అంటాడు.

ఆ బుధవారం పదహారోది. మూడు సాక్షులూ గత వారం ఎంతున్నాయో అంతే ఉన్నాయి. ముందు వారమూ అంతే. బాబాయి తొడుగులు తీసి, ఫ్యాను వేసి, కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మయ్య, నిండింది" అన్నాడు. నాలుగు నెలల్లో ఆయన మొహాన నవ్వు కనపడిన రోజు అదొక్కటే.

*

చెమ్మ బాబాయి అన్న పేరు ఫ్యాక్టరీ పెట్టింది కాదు. అంతకు ముందు పాతికేళ్ల వయసప్పుడు పడవల షెడ్డులో పని చేశాడాయన. ఫైబర్ పడవలు. మోకాళ్ల మీద కూర్చుని గాజు పరుపులు పరిచి, బ్రష్షుతో రెసిన్ పూసి, రోలరుతో గాలి బుడగలు తరిమేవాడు. రాత్రి చేతులు దురదలు, పొద్దున మళ్లీ పని. పడవలు మూడు నాలుగేళ్లు నీళ్లలో తిరిగొచ్చాక అడుగున బొబ్బలు లేచేవి. పొడిస్తే పుల్లటి వాసనతో నీళ్లు కారేవి. రంగు బాగోలేదని ఓనరు తిట్టేవాడు. మేస్త్రీ మాత్రం, "రంగు కాదురా, నీళ్లు లోపలికెళ్లి జిగురుని తింటున్నాయి" అనేవాడు. ఆ మాట బాబాయి తలలో మేకులా దిగిపోయింది. అప్పట్నుంచి ఎవరేం చూపించినా, "దీనికి చెమ్మ తగిలితే?" అని అడగడమే. మేస్త్రీయే విసుక్కుని చెమ్మ అని పేరు పెట్టాడు. వయసొచ్చాక వెనక బాబాయి చేరింది.

ఇంట్లోనూ అదే గోల. వానాకాలం బిస్కెట్ల డబ్బాకి మూత సరిగ్గా పెట్టలేదని అలుగుతాడు. తలుపు ఉబ్బి పట్టేస్తే నాలుగు వేపులా కొలిచి రాసుకుంటాడు. ఆయన భార్య అందరితో చెప్పుకుంటుంది: "పెళ్లయిన కొత్తలో నా జడ ఆరిందా అని అడిగితే ఎంత ప్రేమో అనుకున్నా. తీరా చూస్తే ఆరడానికి ఎంతసేపు పట్టిందో లెక్క రాసుకుంటున్నాడు."

ఈ పదహారు వారాల గొడవకి మూలం ఆవిడ తమ్ముడు. వాడు లైన్‌మన్. బావని ఏడిపించకపోతే వాడికి అన్నం అరగదు. ఫ్యాక్టరీ వాళ్లు రెసిన్ మార్చారు, కొత్త రెసిన్ తొందరగా గట్టిపడుతుంది, రోజుకి ఎక్కువ నిచ్చెనలొస్తాయి. ఆ కొత్త రకం నిచ్చెన ఒకటి వాడుకుని చూడమని కరెంటు ఆఫీసుకిచ్చారు. అది వచ్చి వచ్చి వీడి చేతికే వచ్చింది.

నాలుగు నెలల కిందట ఓ ఆదివారం భోజనాల దగ్గర వాడే ఎత్తాడు.

"బావా, మీ నిచ్చెనకి మధ్యాహ్నం కునుకు తీసే అలవాటుందా?"

"ఏడిశావ్. ఏమైందో చెప్పు."

"పొద్దున ఎక్కితే రాయిలా ఉంటుంది. వాన పడి ఎండ కాసిన రోజు మధ్యాహ్నం ఎక్కు, మధ్యలో ఊయల. నేను లావయ్యానేమో అనుకున్నా. మావాళ్లలో బక్కోడిని ఎక్కించా. వాడికీ ఊగింది."

బాబాయి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"చప్పుడేమైనా వస్తోందా? టిక్కుమని?"

"నువ్వేంటి బావా, డాక్టరులా అడుగుతున్నావ్?"

"చప్పుడొస్తోందా లేదా?"

"సన్నగా. గోరుతో గోడ గీకినట్టు."

భార్య నవ్వబోయి మొగుడి మొహం చూసి ఆగిపోయింది. "ఏమండీ, ప్రమాదమా?"

"వేడొక్కటే అయితే ఓర్చుకుంటుంది. తడొక్కటే అయినా ఓర్చుకుంటుంది. రెండూ కలిస్తే జిగురు మెత్తబడిపోతుంది. పోగులు బాగానే ఉంటాయి, వాటిని పట్టుకునే చెయ్యే జారిపోతుంది."

"అది నాకు తెలీదా? మీ అక్కొక్కత్తే వస్తే సర్దుకుంటాను, మీ తమ్ముడొక్కడే వచ్చినా సర్దుకుంటాను. ఇద్దరూ ఒకే రోజు దిగితేనే కదా నేను మెత్తబడేది" అందావిడ. బావమరిది పగలబడి నవ్వాడు. బాబాయి నవ్వలేదు.

మర్నాడు మేనేజర్ దగ్గరకెళ్లి చెప్పాడు. మేనేజర్ కుర్రాడేం కాదు, చెడ్డవాడూ కాదు, కాకపోతే ఆయనకి తొందర ఒక జబ్బు. "ల్యాబ్ రిపోర్టు బ్రహ్మాండంగా ఉంది కదండీ" అన్నాడు.

"ల్యాబులో ఏసీ ఉంది సార్. లైన్‌మన్ నెత్తి మీద ఏసీ లేదు."

"సరే, మీ చాంబర్ పరీక్ష చేసుకోండి. ఎన్నాళ్లు పడుతుంది?"

"నిండేదాకా సార్. పదిహేను, పదహారు వారాలు."

"ఆ లోపు నాలుగు వందల నిచ్చెనలు తయారైపోతాయి. లారీ ఎక్కే రోజుకి మీ కాగితం నా బల్ల మీద ఉండాలి. బాగుంటే పంపుతాం, బాగోలేదంటే ఆపుతాం. లేటయితే మాత్రం నన్నడగొద్దు."

లారీ ఎక్కే రోజు ఇప్పుడు వచ్చేసింది. వచ్చే గురువారం.

*

పరీక్ష గదికి ఒక రూలుంది. ఏ ముక్కనైనా పరీక్షకి ముందు పని రోజునే అప్పగించి రిజిస్టర్లో ఎక్కించాలి. ముక్కని వేడి మీదే వంచడానికి మెషిన్‌కి బిగించే వేడి పెట్టె రిపేరుకెళ్లింది, సోమవారానికి గానీ రాదన్నారు. అందుకని శనివారం మధ్యాహ్నం బాబాయి పదిహేను ముక్కల్నీ చాంబర్లోంచి తీసి, ఒక్కోటీ తూచి, తడిబట్టలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి గాలి పోకుండా అతికించాడు. సాక్షులకి పరీక్ష లేదు కాబట్టి అవి చాంబర్లోనే ఉండిపోయాయి. అప్పగించడానికెళ్తే, ముక్కల్ని వంచి విరిచే మెషిన్ చూసే అమ్మాయి భోజనానికెళ్లింది. కవర్లు ఆ పిల్ల బల్ల మీద పెట్టి, రిజిస్టర్లో రాసి, ఇంటికొచ్చేశాడు. రెండు మాటలు నోటితో చెప్పి రాలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు నెత్తి కొట్టుకున్నాడో లెక్కలేదు.

సోమవారం బస్సు దిగి ల్యాబులోకి అడుగు పెడుతుండగానే అమ్మాయి ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"బాబాయ్! మీకోసం ఏడింటికే వచ్చా. వేడి పెట్టె బిగించేశా. పదిహేనూ అయిపోయాయి!"

"ఏం అయిపోయాయి?"

"పరీక్ష. అరవై డిగ్రీల వేడి మీద. మామూలు బలంలో నూటికి తొంభై నాలుగు వచ్చింది. మీరు ఊరికే భయపడ్డారు."

బాబాయికి ముందు సంతోషం వచ్చింది. ఒక్క క్షణమే. ఆ వెంటనే ఏదో తేడా కొట్టింది. ముప్పై ఏళ్లుగా జిగురుతో కాపురం చేసినవాడికి తొంభై నాలుగు అన్న అంకె గొంతు దిగలేదు.

"కవర్లు ఎప్పుడు విప్పావమ్మా?"

"శనివారమే. పాపం చెమటలు కారిపోతున్నాయి బాబాయ్, బట్ట కూడా తడిసి ముద్దయింది. మెషిన్ మీద ముక్క ఆనే కొత్త రోలర్లు తుప్పు పట్టవూ? అందుకే శుభ్రంగా తుడిచి, ఓవెన్లో పెట్టి..."

"ఓవెన్లోనా?"

"నూట అయిదు డిగ్రీలు. శనివారం సాయంత్రం నుంచి ఇవాళ పొద్దున దాకా." ఆ పిల్ల గొంతు అప్పటికే సన్నబడింది. "ఏం బాబాయ్?"

బాబాయి కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. విరిగిన ముక్కల్లో ఒకటి రెండు సగాలూ కలిపి తూకం మీద పెట్టాడు. ఫ్యాను కట్టెయ్యడం కూడా మర్చిపోయాడు. శనివారం రాసుకున్న అంకెకీ దీనికీ పొంతన లేదు. తాగిన నీళ్లన్నీ కక్కేసింది ముక్క. రెండోదీ అంతే. మూడోది తూచే ఓపిక లేకపోయింది.

"పదహారు వారాలమ్మా" అన్నాడు. "నాలుగు నెలలు నీళ్లు పట్టించాను."

"మరి... మరి రూలు అలాగే ఉంది కదా బాబాయ్?"

"ఏ రూలు? ఏ గాడిద రాశాడు?"

అమ్మాయి మెషిన్ వెనక గోడ చూపించింది. అక్కడ పసుపుబారిన కాగితం, పైన ప్లాస్టిక్. 'ముక్క అందిన వెంటనే ఓవెన్‌లో పెట్టి పూర్తిగా ఆరబెట్టవలెను. తడి ముక్కను మెషిన్ మీద పెట్టరాదు.' గుండ్రటి అక్షరాలు. 'రాదు' కింద రెండు గీతలు. ఎనిమిదేళ్ల కిందట, చాంబర్ లేని రోజుల్లో, ఎవరో వానలో తడిసిన ముక్కలు తెచ్చి పరీక్ష పెడితే ఒళ్లు మండి రాసిన కాగితం.

రాసిన గాడిద చెమ్మ బాబాయే.

తిడదామంటే తిట్టడానికి మనిషి లేకుండా పోయాడు. అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "ఏడవకు. ఉన్న తడి చాలు" అన్నాడు. అది జోకో విసుగో ఆయనకే తెలీదు.

*

అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలైంది. తొంభై నాలుగు అన్న కాగితం అప్పటికే మేనేజర్ బల్ల మీదకి చేరిపోయింది, అమ్మాయి సంతకంతో సహా.

"శభాష్ అండీ" అన్నాడు మేనేజర్. "నేను చెప్పలా, ఊరికే కంగారు పడుతున్నారని?"

"సార్, అది తడి ముక్కల లెక్క కాదు. ఆరబెట్టిన ముక్కలది. నీళ్లు పోతే జిగురు చాలావరకు మళ్లీ గట్టిపడుతుంది."

"మీ చాంబర్లో పదహారు వారాలున్నాయా లేదా?"

"ఉన్నాయి."

"వేడి మీద వంచారా లేదా?"

"వంచారు, కానీ..."

"ముక్కలు మీవి, మెషిన్ మనది, అంకెలు బాగున్నాయి. ఇప్పుడు ఆ అంకెలు మీకే నచ్చలేదంటే నేనేం చెయ్యను?"

"ఎండిన బట్ట పిండి, చూశారా నీళ్లు రాలేదు అంటే ఎలా సార్?"

మేనేజర్ కుర్చీలో ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. "ఇప్పుడు మళ్లీ పదహారు వారాలంటారు. లారీ గురువారం. నా నెత్తి మీద ఎంతమంది కూర్చున్నారో మీకు తెలుసా? ఇంకేదైనా ఆధారం ఉంటే చూపించండి. లేదంటే ఈ కాగితం మీద పంపించేస్తాను."

బాబాయి బయటికొచ్చేశాడు. సాయంత్రం ఇంటికెళ్తే బావమరిది వరండాలో చెప్పులు విప్పుతున్నాడు.

"ఏం బావా, మా నిచ్చెన పాసా ఫెయిలా?"

"పాసయింది."

"మరి నీ మొహం ఫెయిలైనట్టుందేం?"

"ఒరేయ్, నన్ను కదపకు. రేపట్నుంచి నువ్వు ఆ నిచ్చెన ఎక్కకు."

"పాసైందంటావ్, ఎక్కకంటావ్. మా పైవాడు కాగితం అడుగుతాడు బావా. మా బావగారికి మనసు బాగోలేదు, అందుకని స్తంభం ఎక్కనంటే ఇంటికి పంపించేస్తాడు."

అక్క లోపల్నుంచి కేకేసింది. "ఒరేయ్ తమ్ముడూ, ఎక్కొద్దన్నారుగా, ఎక్కకు!"

"అక్కా, నీకేం, నేలమీదుంటావ్. ఊళ్లో కరెంటు పోతే ముందు నన్ను తిట్టేది నువ్వే."

బాబాయి కాళ్లు కడుక్కుని లోపలికెళ్లాడు. వాడు చెప్పింది నిజమే. వాడికి కాగితం కావాలి. ఉన్న కాగితం అబద్ధం చెబుతోంది. ఆ అబద్ధానికి మూలం తన చేతిరాత. ఆ రాత్రి అన్నంలో ఉప్పు లేదని కూడా గమనించలేదు. భార్యే తన కంచంలో ఉప్పు వేసుకుంటూ నాలిక కరుచుకుంది.

*

మంగళవారం పొద్దున అమ్మాయి తలుపు దగ్గరే నిలబడి ఉంది. రాత్రంతా నిద్ర పోలేదని కళ్లే చెబుతున్నాయి.

"బాబాయ్, చాంబర్లో ఇంకా మూడున్నాయి కదా?"

"అవి తూకం ముక్కలమ్మా. వేలెడంతే ఉంటాయి. నీ రోలర్ల మధ్య జానెడు దూరం. పెడితే సందులోంచి కింద పడతాయి."

"రోలర్లు దగ్గరికి జరిపితే?"

"అంత దగ్గరికి రావు."

అని తనే ఆగిపోయాడు. పడవల షెడ్డులో మేస్త్రీ చేసే పని ఒకటి గుర్తొచ్చింది. పాత పడవ బాగుందో లేదో చూడాలంటే మేస్త్రీ చిన్న ముక్క కోసి, రెండు బోల్టుల మీద అడ్డంగా పెట్టి, పైన సుత్తి కాడతో నొక్కేవాడు. పొడుగు ముక్కైతే వంగి విరుగుతుంది, అది పోగుల బలం. పొట్టి ముక్క వంగదు. వంగడానికి చోటుండదు. లోపల పొర మీద పొర జారుతుంది. అది జిగురు బలం. నీళ్లు తినేది జిగురునే.

"అమ్మాయ్, మెషిన్‌తో పాటు ఒక చెక్కపెట్టె వచ్చింది, నీలం మూతది. ఏమైంది?"

"దాని మీదే కదా నా భోజనం డబ్బా పెడతాను?"

పెట్టె తెరిస్తే నూనె కాగితంలో చుట్టిన చిన్న రోలర్లు బయటపడ్డాయి. ఒకదానికొకటి రెండు వేళ్ల దూరంలో. ఎనిమిదేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. అమ్మాయి వాటిని చూసి, "వీటికి తుప్పు పడితే పట్టనీ" అంది.

మధ్యాహ్నానికి అంతా సిద్ధమైంది. అదే పట్టీలో మిగిలిన పొడి భాగంలోంచి, సాక్షులంతే కొలతకి మూడు ముక్కలు కోశారు. వేడి పెట్టె అరవై డిగ్రీలకి చేరింది. బాబాయి స్వయంగా వెళ్లి మేనేజర్ని పిలుచుకొచ్చాడు. "పది నిమిషాలే సార్. మీరు చూడక్కర్లేదు, వినండి చాలు."

ముందు పొడి ముక్క. అమ్మాయి మీట నొక్కింది. తెర మీద గీత నిటారుగా ఎక్కుతూ పోయింది. ఎక్కి ఎక్కి, టప్! మేనేజర్ ఉలిక్కిపడ్డాడు. రెండోది, మూడోది, టప్, టప్.

అప్పుడు బాబాయి చాంబర్ తలుపు తీశాడు. కళ్లజోడు తెల్లబడింది. తుడుచుకోలేదు. మొదటి సాక్షిని పటకారుతో తీసి, తూచి, తడిబట్టలో పట్టుకుని, పరుగులాంటి నడకతో తెచ్చి రోలర్ల మీద పెట్టాడు. గీత ఎక్కడం మొదలెట్టింది. సగం దూరం ఎక్కింది. పక్కకి వాలింది. వాలి అలా పాకుతూ ఉండిపోయింది, నడిచి నడిచి అలిసినవాడు అరుగు మీద చతికిలబడ్డట్టు.

"విరిగిందా?" అన్నాడు మేనేజర్.

"అయిపోయింది సార్."

"చప్పుడు రాలేదే?"

"రాదు. నిచ్చెన మీద మనిషికీ అలాగే ఉంటుంది. టప్పుమని చెప్పి విరగదు."

మిగతా రెండు సాక్షులూ అదే మాట చెప్పాయి. పొడి ముక్కలు మోసిన బరువులో సగం కూడా మోయలేదు. మేనేజర్ నుదురు తుడుచుకున్నాడు.

"మూడే ముక్కలు. అయిదైనా ఉండాలి కదండీ లెక్క ప్రకారం?"

బాబాయికి ఆ క్షణాన ఆయన తల తీసుకెళ్లి చాంబర్లో పెట్టాలనిపించింది. "అయిదుండాలి సార్. పదిహేనుండేవి."

"అక్కడ పదిహేను ముక్కల మంచి రిపోర్టుంది. ఇక్కడ మూడు ముక్కల చెడ్డ రిపోర్టు. నేను దేన్ని పట్టుకోను? రేపు పొద్దున చెబుతా."

ఆ వాయిదా మాట విని బాబాయికి ఏడుపొచ్చినంత పనయింది. కళ్లముందు కూలబడినా రేపే, చెవులారా విన్నా రేపే.

అప్పుడు అమ్మాయి అంది. "సార్, ఆ పదిహేను ముక్కల రిపోర్టు ఒక్క నిమిషం ఇస్తారా? అందులో ఒక మాట రాయడం మర్చిపోయా."

మేనేజర్ జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆ పిల్ల తన సంతకం కొట్టెయ్యలేదు. అంకెలు దిద్దలేదు. సంతకం పైన ఖాళీలో ఒక్క వాక్యం రాసింది. 'పరీక్షకు ముందు ఈ ముక్కలను ముప్పై ఆరు గంటలు ఓవెన్‌లో ఆరబెట్టాను.' తారీఖు వేసి మళ్లీ ఆయన చేతికిచ్చింది.

మేనేజర్ అది చదివాడు. మళ్లీ చదివాడు. ఆ వాక్యం ఉండగా ఆ కాగితం మీద లారీ కదలదని ఆయనకి తెలుసు. కొనేవాడు చదువుకున్నవాడైతే మొదట చూసేది అదే. "నీ ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నావా?" అన్నాడు, కోపంగానే.

"రాత్రంతా అదే ఆలోచించా సార్."

మేనేజర్ కాగితం జేబులో కుక్కుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం స్టోరు గుమస్తా వచ్చి చెప్పాడు, గురువారం లారీ రద్దు. నిచ్చెనలన్నీ గోడౌన్లోనే. పూర్తి పరీక్ష మళ్లీ చెయ్యాలట. అందరూ బాబాయినే తిట్టుకుంటున్నారట.

"తిట్టుకోనీ. ఇంకో పదహారు వారాలు తిట్టుకోవాలిగా, ఓపిక దాచుకోమను" అన్నాడు బాబాయి.

*

గురువారం ఆయన సెలవు పెట్టి కరెంటు ఆఫీసుకెళ్లాడు. వాడుకుని చూడమని ఇచ్చిన నిచ్చెన ఫ్యాక్టరీదే కాబట్టి, వెనక్కి తీసుకుంటున్నాం అని మేనేజర్ చేత రెండు ముక్కలు రాయించుకున్నాడు. ఆ రెండు ముక్కలు రాయించడానికి మేనేజర్ గది ముందు గంటన్నర నిలబడ్డాడు.

నిచ్చెన ఒక కొస బాబాయి భుజం మీద, రెండో కొస బావమరిది భుజం మీద. ఎండలో వీధి వెంట నడుస్తున్నారు. రాత్రి కురిసిన వానకి రోడ్డు ఆవిర్లు చిమ్ముతోంది.

"బావా, ఇంత తేలిగ్గా ఉందే, ఇదా నన్ను చంపేసేది?"

"నోర్మూసుకుని నడు."

"మరి ఇప్పుడు నేనేం ఎక్కాలి?"

"పాత రెసిన్ నిచ్చెనుందిగా."

"దానికి రెండు మెట్లు అరిగిపోయాయి."

"మెట్లు అరిగితే కనపడుతుంది. కనపడేదానికి నాకు భయం లేదు."

ల్యాబులో ఆ నిచ్చెనని కోశారు. పట్టీలోంచి మోచేతి ముక్కలు పదిహేను, వేలెడు ముక్కలు నాలుగు. ఆ పదిహేనూ, మూడు సాక్షులూ చాంబర్లోకి. నాలుగోదాన్ని బాబాయి తొడుగులు వేసుకుని, ఫ్యాను కట్టేసి, ఊపిరి బిగబట్టి తూచాడు. బావమరిది ఏదో అనబోతే అమ్మాయి వేలు నోటి మీద పెట్టుకుని కసిరింది.

అంకె రాసుకుని బాబాయి ఆ ముక్కని అమ్మాయి చేతిలో పెట్టాడు.

"తీసుకెళ్లి ఓవెన్లో పెట్టమ్మా."

ఆ పిల్ల కదల్లేదు. ఆయన మొహంలోకి చూసింది, గోడ మీది పసుపు కాగితం వేపు చూసింది. "నిజంగానా బాబాయ్?"

"నిజంగానే. బరువు తగ్గడం ఆగేదాకా ఆరనీ. ఎంత తగ్గితే అన్ని నీళ్లు వీడు ఎక్కుతుండగా లోపలికెళ్లినట్టు. చాంబర్ చెప్పడానికి పదహారు వారాలు పడుతుంది. ఇది నాలుగు రోజుల్లో చెబుతుంది."

"ఇంత చిన్న సంగతి ముందే తట్టలేదా బావా?" అన్నాడు బావమరిది.

బాబాయి వాడి వేపు చూశాడు. తొడుగులు తీసి బల్ల మీద విసిరి, ఓవెన్ తలుపు తనే గట్టిగా మూశాడు.